ఎనభై నాలుగు కిలోల మనిషికి స్ప్రింగు

ఆ పొద్దున మబ్బు ఎదురుకొండ నడుం దాకా దిగి కూర్చుంది. తొమ్మిది దాటాక గానీ లేవలేదు. లేచేసరికి కొండ నెత్తి తెల్లబడి ఉంది. మా తోచికుబో ఊళ్ళో ఒక లెక్క చెబుతారు, కొండ మీద మూడుసార్లు పడ్డ మంచు నాలుగోసారి చూరు మీద పడుతుందని. అది మొదటిసారి. అక్టోబరు సగం దాటింది. ఆ ఏడు కంపు పురుగులు కిటికీ సందుల్లో గుత్తులు గుత్తులుగా దూరాయి. అవి ఎక్కువైతే మంచూ ఎక్కువే.

నేను షెడ్డు తలుపులు బార్లా తీసి, ఎవరిదో వరికోత యంత్రానికి పళ్ళు మారుస్తున్నాను. ఏటికి అవతల చిన్న ట్రక్కు బయల్దేరిన చప్పుడైంది. రెండో గేరులో కాస్త ఏడుస్తుంది అది. మా వదిన మిత్సుయో నడిపే బండి. రోజూ వినే చప్పుడే. వంతెన దాటాక ఎడమకి, పట్నం వైపు తిరుగుతుంది. ఆ రోజు కుడికి తిరిగింది. కుడివైపు నా షెడ్డు తప్ప ఇంకేమీ లేదు.

అన్నయ్య ఇల్లూ నా షెడ్డూ ఎదురుబొదురుగానే ఉంటాయి, మధ్యలో ఏరు. నేను ఊరందరి యంత్రాలూ బాగుచేస్తాను. అన్నయ్య ట్రాక్టరు మాత్రం చెడితే ఇరవై కిలోమీటర్లు పట్నం వెళ్ళి వచ్చేది. పదకొండేళ్ళుగా అంతే.

వదిన దిగి, నడుం వంచి దణ్ణం పెట్టింది, పరాయివాడికి పెట్టినట్టు. ట్రక్కు వెనకాల నీలం పట్టా కప్పి తాళ్ళతో కట్టిన బండి ఉంది. పట్టా తియ్యక ముందే నాకు తెలుసు ఏమిటో. అన్నయ్యకి ఇరవై నాలుగేళ్ళప్పుడు కొన్న ఏడువందల యాభై సీసీ మోటారుసైకిలు, నాలుగు సిలిండర్లది. రెండు చలికాలాలు టోక్యో సొరంగాల్లో మట్టి మోసి కొన్నాడు. అప్పుడు నాకు పంతొమ్మిది. వెనక సీటు నాది.

వదిన చెప్పిందంతా నాలుగు ముక్కలు. అన్నయ్యకి నడుం పట్టేసిందట. ఆ బండి వెనకభాగం కట్టెలా ఉందట, గుంటలో పడితే దెబ్బ నేరుగా వెన్నులోకి వస్తోందట. ఇప్పటి బండ్లకి ఉన్నట్టు మెత్తగా చెయ్యగలనా అని. ఒసగోషి కనుమ దారి గేటు మంచుకని నవంబరు పదో తారీఖు పొద్దున వేసేస్తారు, మళ్ళీ మే నెల దాకా తియ్యరు. ఈలోగా ఒక్కసారి పైదాకా వెళ్ళి రావాలంటున్నాడట.

తనే పంపాడా అని అడిగాను.

"బండి ఎక్కిస్తుంటే కిటికీలోంచి చూశాడు," అంది వదిన. "వద్దనలేదు."

మా ఇంట్లో అది చాలా ఎక్కువ.

చేస్తానన్నాను. వదిన మళ్ళీ దణ్ణం పెట్టింది. ఏదో చెప్పబోయినట్టు నిలబడి, షెడ్డులో నా పొయ్యి వైపూ, దాని మీద ఒంటి గిన్నె వైపూ చూసి, ట్రక్కెక్కి వెళ్ళిపోయింది.

*

జరిగింది ఇది. పదకొండేళ్ళ కిందట జనవరిలో నాన్నకి ప్రాణం మీదికొచ్చింది. ఆ వారం మంచు కిటికీల పైకి లేచింది. ఊరి మంచు తోసే యంత్రం ఆగిపోయింది. అది కదిలితేనే అంబులెన్సు ఊళ్ళోకి వస్తుంది. నేను తెల్లవారి నుంచి దాని కింద పడుకుని ఉన్నాను. అన్నయ్య రెండుసార్లు మనిషిని పంపాడు, నాన్న నీ పేరు పిలుస్తున్నాడు రమ్మని. ఇంకో అరగంట అన్నాను రెండుసార్లూ. యంత్రం కదిలింది. దాని వెనకే అంబులెన్సు వచ్చింది. అప్పటికి నాన్న లేడు.

దహనం అయ్యాక ఎముకలు ఏరతాం మేము. ఇద్దరిద్దరు చొప్పున నిలబడి, ఒకే ఎముకని ఇద్దరూ పుల్లలతో పట్టి కుండలో వెయ్యాలి. అన్నయ్యకి జతగా నేను నిలబడ్డాను. అన్నయ్య నా వైపు చూడకుండా తన పుల్లలు వదిన చేతికిచ్చి పక్కకి జరిగాడు. చుట్టాలందరూ చూశారు. బయటికొచ్చాక ఒక్క మాట అన్నాడు.

"నీకు యంత్రాలు చాలు. మనుషులెందుకు."

తిరిగి ఒక మాట అని ఉంటే బాగుండేదేమో. ఆ తర్వాత ఊరి కాలవలు తవ్వే రోజునా, ఊరివాళ్ళమే ఉండే అగ్నిమాపక దళం కసరత్తులోనూ ఎదురుపడితే తలలు కొంచెం వంచుకునేవాళ్ళం. తల వంచడం ఆపితే ఊరు మాట్లాడుకుంటుంది. అందుకని.

నేను పెళ్ళి చేసుకోలేదు. పట్నంలో చేప ముక్కలు రెండేసి ఒక పొట్లంలో అమ్ముతారు. ఒకటి ఇవాళ, ఒకటి రేపు. సాయంత్రం ఏటికి అవతల అన్నయ్య వంటింట్లో దీపం వెలుగుతుంది. ఆరిపోయాక నేనూ పడుకుంటాను. ఎవరికీ చెప్పలేదు గానీ, అది చూడకుండా పడుకున్న రోజు లేదు.

*

పాత బండి వెనక చక్రాన్ని పట్టుకుని ఒక ఇనుప చెయ్యి ఉంటుంది. దాన్నే స్వింగార్మ్ అంటారు. గుంటలో పడ్డప్పుడు చక్రంతోపాటు అది పైకీ కిందకీ ఊగుతుంది. దానికి అటొకటి ఇటొకటి రెండు షాకబ్జర్లు. నలభై ఏడేళ్ళలో ఆ రెండూ తుప్పు పట్టి, ఒకటి నూనె కక్కి, కట్టెలైపోయాయి. కొత్తవి కొని తగిలిస్తే పని అయిపోయినట్టే. కానీ వదిన అడిగింది ఇప్పటి బండ్ల మెత్తదనం. ఇప్పటి బండ్లకి చెయ్యి అల్యూమినియందీ, షాకబ్జరు మధ్యలో ఒక్కటే. అది వేరే సంగతి. బండి నడుం మొత్తం తీసి వేరే నడుం పెట్టాలి.

పట్నం అవతల తొకుదా అని పాత బండ్లు విప్పి సామాను అమ్మేవాడున్నాడు. నా ఈడువాడే. వాడి నోరు ఊరుకోదు. గుట్టల మధ్య తిరిగి తిరిగి ఒక చెయ్యి ఎంచాను. ఈ బండి పుట్టిన పాతికేళ్ళకి పుట్టిన పరుగు బండిది. పగుళ్ళు లేవు, బేరింగు కూర్చునే బొక్క గుండ్రంగానే ఉంది. తొకుదా దాన్ని చూసి, నేను తెచ్చిన కొలతలు చూసి, పళ్ళికిలించాడు.

"తాతకి మనవడి చెయ్యి కుడుతున్నావన్నమాట. ఆ చేత్తో వాడు నిన్నే కొడతాడు చూడు."

షాకబ్జరు కూడా తీసుకున్నాను. దానికి స్ప్రింగు వేరే తెప్పించాలి. ఎక్కేవాడి బరువుని బట్టి స్ప్రింగు. తొకుదా గోడ మీద పట్టీ చూస్తూ బరువెంతో అడిగాడు.

"ఎనభై నాలుగు," అన్నాను.

ఆలోచించకుండానే చెప్పాను. పన్నెండేళ్ళ కిందట అగ్నిమాపక దళంలో కొత్త దుస్తులు కుట్టించడానికి అందరినీ తూచారు. తూచి రాసినవాణ్ణి నేనే. అన్నయ్య ఎనభై నాలుగు. అరవై కిలోల బియ్యం మూట ఒక్క చేత్తో ట్రక్కు మీదికి విసిరేవాడు.

ఎవరికని అడిగాడు తొకుదా. ఒకాయనకి అన్నాను. ఆయన వయసెంత అన్నాడు. డెబ్బై ఒకటి అన్నాను.

"డెబ్బై దాటినవాడు పెరగడు, తరుగుతాడు. అడిగావా? ఫోను చేసి అడగవయ్యా, ఇక్కడే ఉన్నాను కదా."

ఫోను జేబులో ఉంది. ఆ ఇంటి నంబరు నాకు నోటికొచ్చు, చిన్నప్పటి నంబరే. మామూలుగా అయితే అది అడగాల్సిన మాట. కుట్టడానికి వచ్చిన బట్టకి దర్జీ కొలత తీసుకోడా. కానీ పదకొండేళ్ళు ఎలా ఉన్నావని అడగనివాణ్ణి, బరువెంత అని అడిగితే అది ఎలా ఉన్నావని అడిగినట్టే. ముందు అన్నయ్య అడగాలి అది. పెద్దవాడు కదా. అవతల వాళ్ళూ చెప్పలేదు. అడగని ఇంటికి తన ఒంట్లో సంగతి మోసుకెళ్ళడం మా వైపు ఎవరూ చెయ్యరు. అవతలివాడికి బరువు పెట్టినట్టవుతుందని.

"అంతే. ఎనభై నాలుగు," అన్నాను.

తొకుదా భుజాలెగరేసి రాసుకున్నాడు.

*

పని ఇరవై రోజులు పట్టింది. పగలు ఊరి యంత్రాలు, మిగిలిన పొద్దు దీనికి.

పాత చట్రంలో చెయ్యి దూర్చే చోటు ఇరుకు, కొత్త చెయ్యి వెడల్పు. కొత్త చేతిని అటు నాలుగు, ఇటు నాలుగు మిల్లీమీటర్లు చెక్కాను. ఇరుసు కూడా పాతది సన్నం, కొత్త చేతికున్న బొక్క లావు. లేత్ మీద గొట్టాలు చెక్కి మధ్యలో దిగ్గొట్టాను. బ్యాటరీ ఉన్న చోటే షాకబ్జరు నిలబడాలి కాబట్టి బ్యాటరీని సీటు తోకలోకి పంపించాను. షాకబ్జరు తల పట్టుకోడానికి మందపాటి పలక కోసి, చట్రం గొట్టాలకి పట్టీలతో బిగించాను. అన్నయ్య బండి చట్రానికి వెల్డింగు నిప్పు తగిలించడం నాకిష్టం లేకపోయింది. కొత్త చక్రం వెడల్పు కావడంతో చైను టైరుని రాసుకుంది. ముందు పళ్ళ చక్రాన్ని తొమ్మిది మిల్లీమీటర్లు బయటికి జరిపాక దారిలో పడింది. బండి పొడవు మూడు సెంటీమీటర్లకి మించి మారితే కాగితాలన్నీ కొత్తగా రాయించుకోవాలంటారు. రెండున్నరలో ఆపాను.

చివర చేపలు పట్టే దారం తీసుకుని ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా అటూ ఇటూ కట్టి చూశాను. రెండు చక్రాలూ ఒకే గీత మీద ఉండాలి. ఒక వెంట్రుక వాసి తేడా ఉంది. చిన్న రేకు ముక్క వేశాను. పోయింది. మోకాళ్ళ మీద కూచుని ఆ దారాన్ని చాలాసేపు చూశాను. చూపించడానికి ఎవరూ లేరు.

షెడ్డు తలుపులోంచి అన్నయ్య ఇల్లు కనిపిస్తుంది. ఆ ఏడు వాళ్ళ పొలం సహకార సంఘం యంత్రం వచ్చి కోసింది. మా అన్నయ్య పెద్దమనిషైపోయాడు, కూర్చుని కోయించుకుంటున్నాడు అనుకున్నాను. వాళ్ళ వగరు పళ్ళ చెట్టు నిండా పళ్ళు ఎర్రగా వేళ్ళాడుతున్నాయి. ఏటా తొక్క తీసి చూరుకి వరసగా ఎండగట్టేవాడు. ఈ ఏడు ఎవరూ కొయ్యలేదు. కాకులు తింటున్నాయి. వాకిట్లో తీగ మీద అన్నయ్య పని చొక్కా ఒకటి నెలరోజులుగా అలాగే ఆరుతోంది. బోల్టు ఎన్ని చుట్లు తిరిగిందో చూడకుండా చెప్పగలను నేను. ఇవన్నీ చూశాను. కలిపి కూడలేదు.

కొండ మీద రెండోసారి మంచు నెలాఖరున పడింది. ఈసారి చెట్ల వరస దాకా దిగింది.

*

ఏడో తారీఖున పని అయిపోయింది. ఒక్కటి మిగిలింది. అది మనిషి లేకుండా అయ్యేది కాదు.

చక్రం నేలకి అందకుండా బండిని ఎత్తి, వెనక చక్రం ఇరుసు దగ్గర నుంచి సీటు అంచు దాకా ఒక కొలత తీస్తాం. మనిషి ఎక్కి కూర్చున్నాక మళ్ళీ అదే కొలత. రెండింటికీ తేడా నాలుగు సెంటీమీటర్లకి అటూ ఇటూ రావాలి. అంతకంటే తక్కువ దిగితే స్ప్రింగు గట్టిగా ఉన్నట్టు, ప్రతి రాయీ వెన్నులో తెలుస్తుంది. ఎక్కువ దిగితే చక్రం మడ్‌గార్డుని కొడుతుంది. స్ప్రింగు నెత్తిన ఒక పట్టీ ఉంటుంది, దాన్ని తిప్పి కొంత సరిచెయ్యొచ్చు. కొంతే.

ఫోను చేశాను. నంబరు నొక్కేటప్పుడు వేలు ఒకచోట ఆగింది. వదినే ఎత్తింది. అన్నయ్య వచ్చి కూర్చోవాలి అని చెప్పాను. రేపు మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు తీసుకొస్తానంది.

ఎనిమిదో తారీఖు, శనివారం. గేటు వెయ్యడానికి ఒక రోజే ఉంది. ట్రక్కు వచ్చి ఆగింది. వదిన ఇటువైపు దిగి, అటువైపు తిరిగి వెళ్ళి తలుపు తీసింది. అన్నయ్యకి ఎవరైనా తలుపు తియ్యడం నేనెప్పుడూ చూడలేదు.

దిగినవాణ్ణి చూసి మా నాన్న అనుకున్నాను ఒక క్షణం. మెడ దగ్గర కోటు కాలరు ఒకవైపు, మెడ ఒకవైపు ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. నడిచి వచ్చాడు, మెల్లగా, కానీ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. కొత్త చేతిని వేలి కణుపుతో తట్టి చూశాడు. దారం కట్టిన మేకులు ఇంకా నేల మీద ఉన్నాయి, వాటిని చూశాడు. నన్ను చూడలేదు.

సీటు మీద చెయ్యి వేసి, కాలు ఎత్తి, సగంలో ఆగి, మళ్ళీ ఎత్తి ఎక్కాడు. నేను ముందు నుంచి హ్యాండిలు పట్టుకున్నాను. అప్పుడు టేపు పట్టడానికి మనిషి లేడు. వదినని వెనక చక్రం పక్కన కూర్చోబెట్టి, ఈ బొడిపె దగ్గర సున్నా పెట్టి, ఎంత దిగిందో ఈ గీత దగ్గర చదవమన్నాను. వదిన కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది.

"ఇరవై ఒకటి," అంది.

మిల్లీమీటర్లు. నలభై రావాలి. తప్పు చదివిందనుకున్నాను. హ్యాండిలు వదినకి అప్పగించి నేనే వెళ్ళి చూశాను. ఇరవై ఒకటే. పట్టీ మొత్తం వదులు చేశాను. ఇరవై అయిదు. ఇంక వదులు చెయ్యడానికి లేదు.

"సరిగ్గా కూర్చో అన్నయ్యా," అన్నాను. "బరువంతా వదిలెయ్యి."

పదకొండేళ్ళలో నేనన్న మొదటి మాట అది.

"ఇంకేం వదలమంటావురా," అన్నాడు. గొంతు పాతదే, ఎక్కడా తగ్గలేదు. "నా దగ్గరున్నదంతా దాని మీదే పెట్టాను."

నేను టేపు చుట్టాను. మళ్ళీ లాగాను. మళ్ళీ చుట్టాను.

"ఎంతకి లెక్కకట్టావు?" అన్నాడు.

"ఎనభై నాలుగు."

అన్నయ్య నవ్వాడు. నవ్వితే భుజాలు మాత్రమే కదిలాయి. "దుస్తుల కొలత. నీ బుర్ర మారలేదు. యాభై ఒకటి ఇప్పుడు. మొన్న ఆస్పత్రిలో యాభై రెండు, దార్లో ఒకటి పారేసుకున్నట్టున్నాను."

వదిన మొహం అటు తిప్పుకుంది. చెప్పింది తనే, ఏటి వైపు చూస్తూ. వసంతంలో తెలిసిందట, కడుపు లోపల గడ్డ, కోయడానికి వీల్లేని చోట. నడుం నొప్పి దానిదే. డాక్టరు కొత్త సంవత్సరం దాకా అన్నాడట. అంతకు మించి అనలేదట.

"నాకు చెప్పలేదేం," అన్నాను.

"నువ్వు అడగలేదు," అన్నాడు అన్నయ్య.

"అవును."

అది నిజం. ఏరు పారుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది. మెత్తటి స్ప్రింగు కావాలంటే తొకుదా తెప్పించడానికి వారం. గేటు ఎల్లుండి పొద్దున. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. గట్టి స్ప్రింగుతోనే పంపిద్దామా అనుకున్నాను. ఒసగోషి దారిలో అరవై మలుపులు, పోయినేడు మంచుకి పగిలిన రోడ్డు. ప్రతి పగులూ ఆ వెన్నులోకి పోతుంది. చేసిన ఇరవై రోజుల పనికీ అర్థం లేదు. యాభై ఒక్క కిలోల మనిషికి నేను రాతి సీటు కట్టి పెట్టాను.

అన్నయ్య సీటు మీదే ఉన్నాడు. క్లచ్చి లివరు మీద నాలుగు వేళ్ళు వేసి నొక్కాడు. సగం దాకా వచ్చి ఆగింది. రెండో చెయ్యి సాయం తెచ్చి నొక్కాడు. వదిలేశాడు. బండి బరువు తనే నిలబెడదామని కాళ్ళు నేల మీద గట్టిగా పెట్టాడు. బండి ఒకవైపుకి ఒరగబోయింది. నేను హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాను, పట్టుకోనట్టు.

ఇంటికి పోదామని వదిన అంటుందనుకున్నాను.

అన్నయ్య చేతులు హ్యాండిలు మీంచి తీసి తొడల మీద పెట్టుకున్నాడు. ముందరి కొండ వైపు చూశాడు. తర్వాత రెండు చేతులూ సీటుకి ఆనించి, కొంచెం కొంచెంగా, వెనక్కి జరిగాడు. జరిగి వెనక సీటులో కూర్చుని, ముందున్న ఖాళీని చూస్తూ అన్నాడు.

"ఎక్కు. నేను చూస్తూ కూర్చోడానికి వచ్చానా."

పెద్దవాణ్ణి వెనక పెట్టుకుని చిన్నవాడు నడపడం మా ఇంట్లో జరగలేదు. ఇరవై ఏళ్ళప్పుడు నేను ఒక్కసారి, మలుపు దాకా ఇవ్వమని అడిగితే, నీ గడ్డం మొలిచాక చూద్దాం అన్నాడు. మొలిచాక అడగలేదు. ఆ మాటే ఇప్పుడూ అన్నాడు వెనక నుంచి. "గడ్డం నెరిసింది కదా, చాలు. ఎక్కు."

ఎక్కాను. వెనకాల ఆ మనిషి ఉన్నాడో లేడో తెలియనంత తేలిగ్గా ఉన్నాడు. వదిన వంగి టేపు పెట్టి చదివింది.

"యాభై ఎనిమిది."

ఎక్కువైంది. దిగి పట్టీ బిగించాను, నాలుగు చుట్లు. ఎక్కాను. యాభై ఒకటి. దిగాను, ఇంకో నాలుగు. నేను దిగి ఎక్కిన ప్రతిసారీ అన్నయ్య, కోతికి చెట్టు దొరికింది అనీ, మన్నిక చూస్తున్నాడు అనీ వదినతో అంటున్నాడు. నాతో కాదు. నేను వింటున్నానని తెలిసే.

"నలభై నాలుగు," అంది వదిన.

"ఉంచు," అన్నాను.

*

తొమ్మిదో తారీఖు పొద్దున్నే బయల్దేరాం. అన్నయ్య హెల్మెట్టు తలలో తిరుగుతుంటే వదిన తువ్వాలు మడిచి లోపల కుక్కింది. తను ట్రక్కులో వెనకాల వచ్చింది.

మెల్లగా తోలాను. మలుపులు మొదలయ్యాక అన్నయ్య చేతులు నా కోటు పక్కన పట్టుకున్నాయి. నేను ఎటు వాలితే అటు వాలుతున్నాడు, ఒక్క క్షణం కూడా వెనకా ముందూ లేకుండా. వెనక కూర్చునేవాడికి అది తెలియాలి. ముందు కూర్చుని నలభై ఏళ్ళు తోలినవాడికి తెలుసు. మొదటి పెద్ద పగులు వచ్చింది. దూరం నుంచే చూశాను, తప్పించడానికి చోటు లేదు. చెవులు వెనక పెట్టుకుని దాటాను. వెనక చక్రం చెయ్యి పైకి లేచింది, షాకబ్జరు నీళ్ళలో గుద్దినట్టు మింగింది, బండి సాపైంది. వెనక నుంచి ఏ చప్పుడూ రాలేదు. తర్వాతి పగుళ్ళకి నేను చూడ్డం మానేశాను.

ఒకచోట బండి ఆపమని భుజం తట్టాడు. నొప్పేమో అనుకున్నాను. దారి పక్కన బీచి చెట్ల కింద నిలబడి, హెల్మెట్టు తీసి, ఇంజను ఆపకు అన్నాడు. తల వంచి విన్నాడు కాసేపు. మూడో సిలిండరు వాల్వు కొంచెం మాట్లాడుతోంది అన్నాడు. నేనూ విన్నాను. అవును, మాట్లాడుతోంది. సరిచేస్తాను అన్నాను. ఎప్పుడు అని ఆయన అడగలేదు.

కనుమ మీద గేటు మనుషులు అప్పటికే ఎర్ర పట్టీలు దింపుకుంటున్నారు. మమ్మల్ని చూసి ఒకాయన వాచీ చూసుకుని, తొందరేం లేదు, రేపు కదా అన్నాడు. రోడ్డు వార మురికిపట్టిన మంచు ఉంది. అక్కడి నుంచి సముద్రం కనబడుతుంది. పడమర, రెండు కొండల మధ్య, ఒక అరచేతంత. దాని కోసమే వచ్చాడు. దానికని అనలేదు గానీ, పైకి వచ్చేవాళ్ళెవరైనా దానికే వస్తారు.

ఆ రోజు కనబడలేదు. ఆ రెండు కొండల మధ్యా బూడిద రంగు మబ్బు కుక్కినట్టు ఉంది. గాలి వస్తే తొలుగుతుందేమో అని నిలబడ్డాం. గాలి రాలేదు. అన్నయ్య కోటు చేతులు కిందికి లాక్కుని, గట్టు కమ్మీకి ఆనుకుని ఆ మబ్బునే చూశాడు. చాలాసేపు. నేను పక్కన నిలబడ్డాను, ఒక మనిషి పట్టేంత దూరంలో. దగ్గరికి జరగాలనిపించింది. అలవాటు తప్పిన పని కదా, కాళ్ళు జరగలేదు.

"అటే," అన్నాడు చివరికి, గడ్డంతో చూపించి. "ఉంటుంది అక్కడే."

ట్రక్కు వచ్చి ఆగింది. వదిన దిగి వెనక పలక దించింది. గోనె మీద కూర్చోబెట్టి తెచ్చిన కుండ మూత తీస్తే చేమదుంపల పులుసు, ఇంకా పొగలు వస్తూ ఉంది. ఉల్లికాడలు, పుట్టగొడుగులు, కొంచెం మాంసం. మూడు గిన్నెల్లో పోసింది. అన్నయ్య గిన్నెలో సగం, అందులోనూ దుంపలు మెదిపి వేసింది. అన్నం ముద్దలు ఆకుల్లోంచి విప్పి పెట్టింది.

పలక మీద ముగ్గురం వరసగా కూర్చున్నాం. మధ్యలో అన్నయ్య. పలక ఇరుకు కావడంతో మోచేతులు తగిలాయి. ఆయన మోచెయ్యి ఎముక నా కోటు లోంచి కూడా తెలిసింది. ఎవరూ జరగలేదు. అన్నయ్య ఒక గుక్క తాగి, ఆగి, ఇంకో గుక్క తాగాడు. నేను ఆయన వేగానికే తిన్నాను. వదిన కూడా. మంచు పొడి పొడిగా రాలడం మొదలై గిన్నెల్లో పడి కరిగిపోతోంది. చివరిదాకా తిన్నాం.